అద్దం వెనక మంగ్త్యా

మంగ్త్యాను ఆ సాయంత్రం నేను పేరు పెట్టి పిలవాల్సిందా, పిలవకుండా ఉండాల్సిందా? ఇరవై ఎనిమిదేళ్లయింది. ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఏ పుస్తకమో చదువుతూ పేజీ తిప్పడం మరిచిపోయి కూర్చున్నప్పుడు, హోటల్లో పక్క బల్ల దగ్గర ఎవరైనా "జర నీళ్లు" అన్నప్పుడు ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది. పిలవకుండా ఉండాల్సిందని ఒక్కోరోజు అనుకుంటాను. పిలిచాను కాబట్టే ఆ తరవాతిదంతా జరిగిందని ఇంకోరోజు అనుకుంటాను. రెండు రకాలుగానూ నిద్ర పట్టదు.

అప్పట్లో నేను సూర్యాపేట మార్కెట్ యార్డు ఆఫీసులో గుమస్తాను. నా భార్య అనంతగిరిలో టీచరు. అక్కడే ఉండేది. శనివారం సాయంత్రం కోదాడ బస్సెక్కి వెళ్లి, సోమవారం పొద్దున తిరిగి వచ్చేవాణ్ని. మిగతా రోజులు బస్టాండు వెనక ఒక కిరాయి గది. నాకు వంట రాదు. రెండు పూటలా ఆ గదికి ఆనుకునే ఉన్న దుర్గయ్య హోటల్లోనే తిండి. మూలన కిటికీ పక్కనున్న బల్ల నాది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం ముందు పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో పేజీలు తిప్పుకుంటూ గంట గడిపేవాణ్ని. దుర్గయ్య ఏమీ అనేవాడు కాదు. "సారు కూసుంటె హోటల్‌కి జర ఇజ్జత్ కనవడ్తది" అనేవాడు.

దుర్గయ్యది మొదట ఇడ్లీల హోటల్. విజయవాడ రోడ్డు మీద ఫ్యాన్లు, సోఫాలు ఉన్న కొత్త హోటళ్లు వచ్చాక గిరాకీ పడిపోయింది. తొంభై రెండులో ఏదో పెళ్లికి హైదరాబాదు పోయి, అక్కడ ఒక బండి దగ్గర జనం నిలబడి నూడుల్స్ తినడం చూసి వచ్చాడు. రాగానే, "సూర్యాపేటల చైనా వంట పెడ్త" అని ప్రకటించాడు.

బజారంతా నవ్వింది. "కప్పలు యాడికెల్లి తెస్తవ్ దుర్గయ్యా, మూసీ కెల్లా?" అని అడిగారు.

వంటకు మనిషి కావాలి కదా. ఆత్మకూరు అవతల తండాలో ఒకడున్నాడని ఎవరో చెప్పారు. హైదరాబాదులో మేస్త్రీ పనికని వెళ్లి, తరవాత ఒక చైనా హోటల్లో గిన్నెలు కడిగి, అక్కడి నేపాల్ వంటమనిషి దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నాడు. అతని భార్య చాందీ కామెర్లతో పోయింది. పదేళ్ల కూతురుతో వెనక్కి వచ్చేశాడు. ఆ మనిషే మంగ్త్యా.

దుర్గయ్య అడిగిన మొదటి మాట, "చైనా వంటల ఏమేం ఏస్తరు?"

"కోడి, గుడ్డు ఏస్తరు. ఏయకున్నా అయితది. పాలు, నెయ్యి మాత్రం అసలే ముట్టరు."

ఆ ఆఖరి మాట దగ్గర దుర్గయ్య ఆగిపోయాడట. మర్నాడే బోర్డు రాయించాడు. 'చైనా భోజనం. మాంసం లేదు. గుడ్డు లేదు. పాలు, పెరుగు, నెయ్యి కూడా లేవు.' పాలు కూడా ముట్టని చోట కప్పలు, పాములెక్కడివని ఊరు సమాధానపడింది. "మరింక ఉన్నదేందే?" అని ఎవరో అడిగితే, "రుచి ఉన్నది, కూసో" అన్నాడు దుర్గయ్య. ఆ రోజు నుంచి ఆ హోటల్లో టీ కూడా లేదు. టీ కోసం పక్క డబ్బాకు పోవాల్సిందే.

మంగ్త్యా చేతిలో నిజంగానే రుచి ఉండేది. క్యాబేజీ, క్యారెట్ దారాల్లా తరిగేవాడు. మీల్‌మేకర్ నానబెట్టి, నీళ్లు పిండేసి, మక్క పిండిలో ముంచి వేయించి, సోయా సాసు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లికాడలతో పెద్ద ఇనప కడాయిలో ఎగరేసేవాడు. రిటైరైన తెలుగు పంతులుగారు ఒకాయన మొదటిసారి తిని, "ఇది మాంసమే, నన్ను భ్రష్టు పట్టించావు" అని లేచి నిలబడితే, దుర్గయ్య ఎండు మీల్‌మేకర్ సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించాల్సి వచ్చింది. ఆ పంతులుగారు ఆ తరవాత ప్రతి గురువారం వచ్చేవారు. మిర్యాలగూడ రైసుమిల్లుల వాళ్లు కార్లలో పిల్లల్ని వేసుకుని వచ్చేవారు.

అయితే వాళ్లు తిన్నది మంగ్త్యా వంట అని వాళ్లకు తెలియదు.

దుర్గయ్య మొదటి రోజే లెక్క తేల్చేశాడు. "చైనా వంట తండోడు వండుతున్నడంటే ఒక్కడు గూడ లోపలికి రాడు. నేపాలోడు వండుతున్నడంటే లైను కడ్తరు. చెయ్యి నీది, పేరు నాది" అన్నాడు. ఒక నేపాలీ టోపీ ఎక్కడినుంచో తెప్పించాడు. రోడ్డుకు కనబడేట్టు అద్దం గది కట్టి, అందులో పొయ్యి పెట్టి, మంగ్త్యాను నిలబెట్టాడు. పేరు బహదూర్. షరతు ఒక్కటే. గిరాకీ ముందు తెలుగు మాట్లాడకూడదు. తెలుగు అర్థమైనట్టు కూడా కనబడకూడదు. ఎవరేమన్నా నవ్వి తల ఊపాలి.

"మరి మాట్లాడాల్సొస్తే?" అని అడిగాడట మంగ్త్యా.

"మీ తండా మాట మాట్లాడు. ఎవనికి తెలుస్తది?"

ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నాకే సిగ్గు వేస్తుంది. రెండు వందల ఏళ్లుగా మా ఊళ్ల పక్కనే వినబడుతున్న భాష అది. కందులు, పెసలు తెచ్చే తండావాళ్లు మా యార్డులో రోజంతా మాట్లాడుకునే భాష. అద్దం వెనకనుంచి, ఆ టోపీ కిందనుంచి వచ్చేసరికి ఊరంతా దాన్ని నేపాలు భాష అనుకుంది. మొదటి పది రోజులు నేనూ అనుకున్నాను.

తరవాత ఒకరోజు చేతులు కడుక్కునే కుళాయి దగ్గర అతను టోపీ తీసి మొహం కడుక్కుంటున్నాడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు కనబడింది. ఆ గాటును నేను ఏళ్ల కిందట, అతను హైదరాబాదు పోకముందు, యార్డులో చూశాను. కాశీరాం అనే రైతు బండి దింపుతుంటే కొడుకు మీద కాడి జారిపడింది. రుమాలు ఇచ్చింది నేనే.

"నువ్వు కాశీరాం కొడుకువు గదా?" అన్నాను.

అతను అటూ ఇటూ చూశాడు. "సారూ, మీ కాల్మొక్త, గట్టిగ అనకుండ్రి" అన్నాడు. ఆ హోటల్లో నేను అతని నోటి వెంట విన్న మొదటి తెలుగు మాట అది.

ఎందుకు పడుతున్నావీ తిప్పలని తరవాత అడిగాను. అతను హోటల్ వెనక ఉన్న రేకుల గది చూపించాడు. గదిలో ట్రంకు పెట్టె మీద దీపం, దీపం ముందు ఒక ఆడపిల్ల, పుస్తకం. "తారా" అన్నాడు. "ఆరు సదువుతున్నది. తండాల బడి అయిదు దాకనే. గీడ మాకు గది ఎవ్వరియ్యలె సారూ. పెండ్లాం లేనోడు, ఎదిగే పిల్ల, పైన లంబాడోడంటిరి. దుర్గయ్య సేటు గది ఇచ్చిండు. టోపీ తీస్తె గది పోతది. గది పోతె బడి పోతది."

పిల్లకూ షరతు ఉంది. వెనక సందులోనుంచే రావాలి, పోవాలి. ముందు హాల్లోకి రాకూడదు. తండ్రిని ఎవరి ముందూ 'బా' అని పిలవకూడదు. తండా మాటలో బా అంటే నాన్న.

"పదో తరగతి పరీక్షలు అయ్యేదాంక" అన్నాడు మంగ్త్యా. "అయినంక గా ముంగటి బల్ల కాడ నా బిడ్డెను కూసోబెడ్త. నా చేత్తోటి పెడ్త. అందరు ఇంటుండంగ బా అని పిలువాలె. గంతే సారూ. గా ముచ్చట అయినంక గీ టోపీ పొయ్యిల ఏస్త."

నిజానికి ఇంత చిన్న కోరిక కోసం ఐదేళ్లు ఎదురుచూసిన మనిషిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

పేరు గురించి కూడా ఒకసారి చెప్పాడు. అతనికంటే ముందు ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు. తల్లి రుక్మాబాయి దేవతను మొక్కుకుని, అడిగి తెచ్చుకున్న బిడ్డ కాబట్టి మంగ్త్యా అని పెట్టుకుంది. "పగలంత బహదూర్‌ని. రాత్రి గదిల కొస్తె మంగ్త్యాని. గా పేరొక్కటి ఇంట్ల దాసిపెట్టుకున్న" అన్నాడు నవ్వుతూ.

రుక్మాబాయి ఒకసారి హోటల్‌కు వచ్చింది. మూడో ఏడు అనుకుంటాను. ఎర్ర లంగా, అద్దాల రవిక, మోచేతులపైదాకా గాజులు. టోపీలో ఉన్నా కొడుకును గుర్తుపట్టి నేరుగా అద్దం గదిలోకి వెళ్లి, మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. తండాల్లో అది ఆచారం. చాలా రోజులకు సొంతవాళ్లు కనబడితే ఆడవాళ్లు అలా పట్టుకుని, బాగోగులన్నీ పాటలా కలుపుతూ ఏడుస్తారు. అది దుఃఖం కాదు, పలకరింపు. ఏడుపు పూర్తయ్యేదాకా ఎదుటి మనిషి కదలకుండా నిలబడాలి. కదిలితే అవతలివాళ్లను కాదన్నట్టే.

దుర్గయ్య పరుగెత్తుకొచ్చి ఆమె భుజం పట్టి బయటికి లాగాడు.

"ఏందయ్యా, గా లంబాడీ ముసలామె నేపాలోని మీద వడి ఏడుస్తున్నది?" అని ఎవరో అడిగారు.

"కొడుకు తప్పిపోయిండంట పాపం. ఎవన్ని జూసినా కొడుకే అంటది" అన్నాడు దుర్గయ్య.

మంగ్త్యా కడాయి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె రోడ్డవతల కాసేపు నిలబడి చూసి, బస్టాండు వైపు నడిచింది. ఆ రాగం మధ్యలోనే తెగిపోయింది. అది తెగిపోయినందుకే తనకు ఎక్కువ బాధని ఆ తరవాత మంగ్త్యా అన్నాడు. తల్లిని వాళ్లు యాడి అంటారు. "మా యాడి ఏడుపు సగంల ఆపిన. తండాల గిట్ల ఎవ్వడు జెయ్యడు."

ఇక ఆ సాయంత్రం.

తొంభై ఏడు జనవరి చివర, శుక్రవారం. నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. ముందు తలుపులోంచి నలుగురు ఆడపిల్లలు వచ్చారు. పదో తరగతి వాళ్లు. బ్యాంకు మేనేజరుగారి అమ్మాయి పుట్టినరోజట, స్నేహితుల్ని తీసుకొచ్చింది. వాళ్లది కోదాడ వైపు, మాటలో కృష్ణా జిల్లా యాస వినబడుతుంది. నాలుగో పిల్ల తారా.

రానని చెప్పడానికి ఆమెకు కారణం దొరకలేదేమో. తలుపు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి లోపలికి వచ్చింది. వాళ్లు కూర్చున్నది సరిగ్గా ముందు బల్ల దగ్గరే.

మంగ్త్యా అద్దంలోంచి చూశాడు. చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మొహం నేను మరిచిపోలేను. పరీక్షలకు ఇంకా రెండు నెలలుంది. అయినా ఇవాళే వచ్చిందేమో, ఇవాళే పిలుస్తుందేమో అనుకున్నట్టున్నాడు. నాలుగు ప్లేట్లూ తనే చేశాడు. ఒక ప్లేటులో పచ్చిమిర్చి ఏరి పక్కన పెట్టడం నేను చూశాను. వడ్డించే మనిషి ఉన్నా, తనే పట్టుకొచ్చాడు. మిర్చి ఏరిన ప్లేటు తారా ముందు పెట్టాడు.

"ఏయ్ చూడండే, ఆయనే స్వయంగా తెచ్చాడు మనకి!" అంది మేనేజరుగారి అమ్మాయి.

"వీళ్లు ఇంటికాడ పాములు తింటరంట, నిజమేనానే?" అంది ఇంకో పిల్ల.

"మెల్లగ అనవే, ఇంటడు."

"వింటే ఏమవుతుంది? తెలుగు రాదుగా. చూస్తావా? ఏమండీ బహదూర్ గారూ, మీరు అచ్చం కోతిలా ఉన్నారు!"

మంగ్త్యా నవ్వి తల ఊపాడు. దుర్గయ్య నేర్పినట్టే. పిల్లలు పగలబడి నవ్వారు. తారా కూడా నవ్వింది. అందరికన్నా ఆలస్యంగా, కానీ నవ్వింది.

అతను వెళ్లలేదు. జగ్గు తెచ్చి గ్లాసుల్లో నీళ్లు పోస్తూ నిలబడ్డాడు.

"తారా, మీ నాన్నని ఒక్కసారి కూడా చూడలేదే మేము. స్కూలుకీ రాడు. ఏం చేస్తాడు?"

"ఊళ్లె ఉంటడు" అంది తారా, ప్లేటు వైపు చూస్తూ. "సేద్యం."

"ఒకసారి తీసుకురావే, చూస్తాం."

"ఆయనకు పట్నం పడదు. మనుషులను జూస్తె భయపడ్తడు."

మంగ్త్యా నాలుగో గ్లాసు నింపాడు. తిరిగి అద్దం గది వైపు రెండడుగులు వేశాడు.

అప్పుడు పిలిచాను. "మంగ్త్యా, జర నీళ్లు."

నోరు జారానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. చదువుతున్నవాడిని, పరధ్యానంలో అలవాటు పేరు వచ్చేసిందని. అది నిజం కాదు. పుస్తకం మూసి మరీ పిలిచాను. ఆ పిల్ల మీద కోపంతో పిలిచానో, అతని మీద జాలితో పిలిచానో మాత్రం తెలియదు. ఒకరి బతుకులో వేలు పెట్టడానికి ఈ రెంటిలో ఏదీ చాలదని ఇప్పుడు తెలుసు.

హాలంతా నా వైపు తిరిగింది. దుర్గయ్య గల్లాపెట్టె దగ్గరనుంచి పెద్దగా నవ్వాడు. "ఎవలను పిలుస్తున్నవ్ సారూ? సదివి సదివి కతలల్ల మనుషులు గూడ గీడికే వస్తున్నరా ఏంది?"

మంగ్త్యా నా బల్ల దగ్గరికి వచ్చాడు. నా గ్లాసు నిండుగానే ఉంది. ఆ నిండు గ్లాసులోనే నీళ్లు పోశాడు. బల్ల తడిసింది, పుస్తకం తడిసింది. నా మొహం వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

"ఆయన పేరు మంగ్త్యానా! నేపాల్ పేరు భలే ఉందే!" అంది మేనేజరుగారి అమ్మాయి.

తారా చెంచా కింద పెట్టేసింది. ఆ ప్లేటు సగం మిగిలిపోయింది.

ఆ పేరు ఊరికి పట్టింది. వారం తిరక్కుండా లారీ డ్రైవర్ల నుంచి కాలేజీ పిల్లల దాకా అందరూ "మంగ్త్యా, ఒక మంచూరియా" అనడం మొదలుపెట్టారు. కందులు అమ్మడానికి ప్రతి ఏడూ వచ్చే మంగ్త్యాలు మా యార్డులోనే నలుగురున్నారు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. దుర్గయ్యకు అది దేవుడిచ్చిన వరంలా కనబడింది. "బహదూర్లు ప్రతి హోటల్ల ఉన్నరు. మంగ్త్యా ఎక్కడున్నడు సారూ? నువ్వు నోరు జారినా గని మంచిగ జారినవ్" అని నా వీపు తట్టాడు. ఆ నెలలోనే కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి కొత్త హోటళ్లు తెరవబోతున్నాడు. మూడు ఊళ్లలోనూ బోర్డులు రాయించాడు. సన్నటి గీతల్లాంటి కళ్లు, టోపీ, చేతిలో గరిటె ఉన్న బొమ్మ. కింద ఎర్ర అక్షరాలు: 'నేపాల్ మంగ్త్యా చైనా వంటలు'.

ఒక ఆదివారం అనంతగిరి నుంచి భార్యతో కోదాడ వచ్చినప్పుడు ఆ బోర్డు చూశాను. "ఈ పేరేంటండీ, మన తండా పేరులా ఉంది?" అంది ఆవిడ. నేను మాట మార్చాను.

కుళాయి దగ్గర మంగ్త్యాను పట్టుకుని క్షమించమన్నాను. అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"పేరొక్కటి ఇంట్ల దాసిపెట్టుకున్న సారూ. గా పేరిప్పుడు మూడూర్ల బజార్ల వడ్డది. రాత్రి గదిలకు పోయినంక నేనెవరిని?"

"వెళ్లిపో. పరీక్షలయ్యాక వెళ్లిపోదువు గానీ."

"యాడికి? మిర్యాలగూడ పోతె గాడ నా బొమ్మ. కోదాడ పోతె గాడ నా బొమ్మ. పక్క హోటల్‌కి పోతె 'నేపాలోనివైతె రా' అంటరు. తండాకు పోతె నాగలి పట్టరాదు, మరిచిన." చేతులు తుడుచుకుని టోపీ పెట్టుకున్నాడు. "గీ టోపీ బహదూర్ పెట్టుకున్నప్పుడు తీస్తె వస్తుండె. మంగ్త్యాకు పెట్టిండ్రు. ఇగ రాదు."

మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. వాటి మీద తండ్రి పేరు ఉంటుంది. తారా టికెట్టు చూసి స్నేహితురాళ్లు అడిగారట, "మీ నాన్న పేరూ మంగ్త్యానేనా? ఆ హోటలాయన పేరే!" అని. "పేరొక్కటే, మనిషి వేరు" అంది తారా. ఈ మాట మంగ్త్యాకు ఆమే చెప్పింది, ఏడుస్తూ కాదు, పోట్లాడుతూ. గొడవంతా రేకుల గది దాటి నా కిరాయి గది దాకా వినబడింది. భాష తెలియకపోయినా అర్థమైంది. ఆఖరి పరీక్ష రాసిన మధ్యాహ్నం ఆమె గదికి రాలేదు. పరీక్ష హాలు నుంచే ఆత్మకూరు బస్సెక్కి నానమ్మ దగ్గరికి పోయింది.

రెండు నెలలు కబురు లేదు. మంగ్త్యా పొద్దున పదింటినుంచి రాత్రి దాకా అద్దం వెనక నిలబడేవాడు. ఎవరు పిలిచినా నవ్వి తల ఊపేవాడు. నా బల్ల వైపు రావడం మానేశాడు. నేను హోటల్ మారుద్దామనుకున్నాను. మారితే తప్పించుకున్నట్టు ఉంటుందని మారలేదు. కూర్చుని చదవడానికి ప్రయత్నించేవాణ్ని. ఎదురుగా అద్దం, అద్దంలో అతను, అద్దం మీద నా నీడ. నేను కూడా అక్కడ ఇరుక్కున్నట్టే ఉండేది.

మే నెలలో పది ఫలితాలు వచ్చిన రోజు. మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ రోడ్డు మీద అలలుగా కదులుతోంది. హాలు నిండా జనం. మిర్యాలగూడ కార్లు రెండు బయట ఆగి ఉన్నాయి. తారా ముందు తలుపులోంచి వచ్చింది. రోడ్డవతల చెట్టు నీడన రుక్మాబాయి నిలబడి ఉంది, ఇటు రాకుండా.

"బా" అంది తారా.

మంగ్త్యా తిరగలేదు. కడాయిలో నూడుల్స్ ఎగరేస్తూనే ఉన్నాడు.

"బా!"

అప్పుడూ తిరగలేదు. వినబడనట్టు ఉండడం ఐదేళ్లుగా నేర్చుకున్నాడు. సొంత బిడ్డ పిలుపు కూడా ఆ అలవాటును దాటి లోపలికి వెళ్లలేదు.

తారా అద్దం చుట్టూ తిరిగి లోపలికి వెళ్లింది. వెనకనుంచి మెడ చుట్టూ చేతులు వేసింది. వేసి, రాగం ఎత్తుకుంది. ఆనాడు రుక్మాబాయి గొంతులో తెగిపోయిన రాగమే అది. ఆ పిల్ల ఎప్పుడు నేర్చుకుందో, ఆ రెండు నెలల్లో నానమ్మ నేర్పిందో. పట్నం బడిలో చదివిన పిల్ల, నలుగురిలో తండా మాట పలకని పిల్ల, హాలు నిండా జనం చూస్తుండగా తండ్రిని పట్టుకుని తండా ఆడదానిలా ఏడ్చింది.

చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"గిది లంబాడోళ్ల ఏడుపు గదా?" అన్నాడు ఒకాయన.

"గట్లంటె గీన..." అన్నాడు పక్కాయన.

దుర్గయ్య గల్లాపెట్టె దగ్గరనుంచి లేచాడు. "ఏ పిల్లా, బయటికి నడువ్!" అన్నాడు. గానీ దగ్గరికి పోలేదు. ఈసారి మంగ్త్యా కడాయి వైపు తిరగలేదు. ఏడుపు పూర్తయ్యేదాకా, ఆచారం ప్రకారం, కదలకుండా నిలబడ్డాడు. నూడుల్స్ మాడి పొగ లేచింది. ఆ పొగలో ఇద్దరూ అలాగే ఉన్నారు. ఎంతసేపో నేను చెప్పలేను.

ఏడుపు ఆగాక మంగ్త్యా గ్యాస్ ఆపేశాడు. టోపీ తీసి అద్దం పక్కన గట్టు మీద పెట్టాడు. బయటికి వచ్చి, ముందు బల్ల దగ్గర తింటున్న మిర్యాలగూడ వాళ్లతో, అందరికీ వినబడేట్టు తెలుగులో అన్నాడు.

"జర లేవుండ్రి దొరా. నా బిడ్డ పాసైంది. ఆకలితోటి ఉన్నది."

వాళ్లు లేచారు. ఎందుకు లేచారో వాళ్లకే తెలియదనుకుంటాను. మంగ్త్యా తలుపు దాకా వెళ్లి, "యాడీ, రా!" అని రోడ్డవతలికి కేకేశాడు. రుక్మాబాయి వచ్చింది. మళ్లీ పొయ్యి వెలిగించి మూడు ప్లేట్లు చేశాడు. ఒక దాంట్లో మిర్చి ఏరేశాడు. ముగ్గురూ ముందు బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. తారాకు మొదటి ముద్ద అతనే పెట్టాడు. రుక్మాబాయి మీల్‌మేకర్ ముక్క నమిలి, "మాంసం లెక్కనే ఉన్నది, మాంసం గాదు. ఎందుకురా గింత తిప్పలు?" అంది. తారా నవ్వింది. ఆ రోజు అందరికన్నా ముందు నవ్వింది.

దుర్గయ్య బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "యాడికి పోతవ్‌రా మంగ్త్యా? మూడూర్ల నీ బొమ్మ ఉన్నది. నిన్నెవడు పెట్టుకుంటడు?"

మంగ్త్యా తల్లి ప్లేటులో ఇంకో ముక్క వేశాడు. దుర్గయ్య అన్నది అబద్ధమేమీ కాదు. ఆ బోర్డులు ఆ తరవాత చాలా ఏళ్లున్నాయి. కోదాడలో అద్దం వెనక వేరే ఊరి మనిషిని నిలబెట్టి, అదే టోపీ పెట్టారు. అతన్నీ జనం మంగ్త్యా అనే పిలిచేవారు. అతను నవ్వి తల ఊపేవాడు. ఆ పేరును అక్కడికి చేర్చింది నేనే కదా అనుకుని, ఆ రోడ్డున వెళ్లినప్పుడల్లా బస్సులో అవతలి వైపు కూర్చునేవాణ్ని.

తినడం అయ్యాక మంగ్త్యా కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. వెనక గదిలోంచి ట్రంకు పెట్టె తెచ్చి భుజాన పెట్టుకున్నాడు. తారా పుస్తకాల సంచీ పట్టుకుంది. బయటికి పోవాలంటే నా బల్ల పక్కనుంచే పోవాలి. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో అనుకోలేదు, అయినా నిలబడ్డాను. పేరు నోటిదాకా వచ్చింది. ఈసారి పిలవలేదు.

అతను నా ముందు ఒక్క క్షణం ఆగాడు. భుజం మీది పెట్టె సర్దుకోవడానికే ఆగాడేమో. తరవాత కూతురి వెనకాల, తల్లి వెనకాల, ఎండలోకి దిగి, వెనక్కి చూడకుండా బస్టాండు వైపు వెళ్లిపోయాడు.